ఇంట్లో కట్టిన కారు, ఇంకా నంబరు రాలేదు

ఆదివారం. టెస్టుకి 11 వారాలు.

ఇంజిన్ తిరుగుతోంది, గేర్లు పడుతున్నాయి, గరాజ్‌లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్లీ గరాజ్‌లోకి తనంతట తనే వెళ్లొస్తోంది. ఇంట్లోవాళ్ల లెక్కలో కారు అయిపోయినట్టే. మా ఆవిడ "ఇంకేంటండీ, వచ్చే ఆదివారం దీంట్లోనే వెళ్దాం" అంది. గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారని చెప్తే, మరి రెండేళ్ల నుంచి ఏం చేస్తున్నట్టు అన్నట్టు ఒక చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. ఈ రెండేళ్లలో నేను చేసింది కారు ఆకారంలో ఉన్న ఒక వస్తువు. అది కారు అని ప్రభుత్వం ఒప్పుకోవాలంటే వాళ్లు పెట్టే టెస్టు నెగ్గాలి, దానికి ఇంకో దఫా పని ఉంది.

ఈ డైరీ ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకి కాస్త వెనక కథ. ఇది సెవెన్ అనే పాత బ్రిటిష్ కారు తరహాలో, విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకునే కిట్ కారు. 1957లో లోటస్ కంపెనీ సెవెన్‌ని తెచ్చినప్పుడు బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఉండేది కాదు. కిట్ కార్ల అలవాటు ఇక్కడ బాగా పాకడానికి అదొక పెద్ద కారణం. 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది గానీ పిచ్చి మాత్రం మిగిలింది. నాది కొత్త ఛాసిస్, దాని మీదికి 1999 చివర్లో రిజిస్టరైన మాజ్దా ఎంఎక్స్-5 నుంచి 1.8 లీటర్ల ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, స్టీరింగ్ కాలమ్ అన్నీ దింపాను. ఆ మాజ్దా బాడీ తుప్పు పట్టి చిల్లులు పడింది, లోపలి సామాను మాత్రం బంగారం.

ఇండియా నుంచి ఒక తమ్ముడు అడిగాడు, అక్కడ కూడా ఇలా కట్టుకోవచ్చా అన్నా అని. కట్టుకోవచ్చు, నడపడమే కష్టం. మన సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 126వ రూలు కింద ప్రతి మోడల్ నమూనా పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష నెగ్గాలి. అది వేలల్లో తయారుచేసే కంపెనీలని మనసులో పెట్టుకుని రాసిన పద్ధతి, ఒక్క కారు కట్టేవాడు దాన్ని మోయలేడు. బ్రిటన్‌లో ఒక్క బండికే విడిగా పరీక్ష పెట్టే దారి ఉంది, పేరు ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్, అందరూ ఐవీఏ అంటారు. 1998లో ఎస్‌వీఏ పేరుతో మొదలై 2009లో ఐవీఏ అయింది. పరీక్ష పెట్టేది డీవీఎస్‌ఏ, ఆ సర్టిఫికెట్ చూసి నంబరు ఇచ్చేది డీవీఎల్‌ఏ. రెండూ వేరు వేరు ఆఫీసులు, రెండిటికీ వేరు వేరు ఫైళ్లు, ఇది ముందే బుర్రలో పెట్టుకోండి.

శనివారం. 9 వారాలు.

బంతి వచ్చింది. నవ్వకండి. పూలు గుచ్చే అలంకరణ సామాన్లలో దొరికే థర్మాకోల్ బంతి, సరిగ్గా 100 మిల్లీమీటర్ల వ్యాసం. ఐవీఏలో బయటి అంచులకి ఒక నియమం ఉంది. 100 మిల్లీమీటర్ల గోళం ఎక్కడ తగలగలదో అక్కడ ఉన్న ప్రతి గట్టి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వంపుతో గుండ్రంగా ఉండాలి. మనిషికి కారు తగిలితే ఒళ్లు చీరుకుపోకూడదు, అంతే విషయం. మామూలు కారుకి ఇది పెద్ద సమస్య కాదు, అంతా రేకు కిందే దాక్కుంటుంది. సెవెన్‌కి ముందు చక్రాల విష్‌బోన్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే చేతులు), షాకులు, బోల్టులు అన్నీ బయటే, ఎముకల గూడులా.

బంతికి బాగా సుద్దపొడి పూసి కారు చుట్టూ దొర్లించాను. ఎక్కడ తెల్ల మచ్చ పడితే అక్కడ పని ఉన్నట్టు. మా పాపకి ఈ ఆట తెగ నచ్చింది, నా చేతిలోంచి లాక్కుని అదే దొర్లించడం మొదలుపెట్టింది, నాకు తట్టని చోట్ల కూడా దూర్చింది. హెడ్‌లైట్ స్టాండ్ వెనక పక్క, బానెట్ క్లిప్పు కొక్కెం, చక్రం రెక్క మీద ఇండికేటర్ అడుగు, రోల్ బార్ బిగించిన బోల్టు తలలు. గంట తర్వాత చూస్తే కారుకి అమ్మవారు పోసినట్టుంది. లెక్కపెడితే 63 మచ్చలు. రెండేళ్లుగా రోజూ చూస్తున్న కారే, వాటిలో ముప్పాతిక భాగం నా కంట పడనే లేదు. కట్టేవాడు ఆ బోల్టు గట్టిగా ఉందా లేదా అని చూస్తాడు గానీ దానికి ఎవరి మోకాలైనా తగులుతుందా అని చూడడు కదా.

నట్లకి ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకి రబ్బరు ట్రిమ్. ట్రిమ్ విషయంలో ఒక మాట, ఊరికే నొక్కితే చివరలు లేస్తాయి, ఇన్‌స్పెక్టర్ గోరు పెట్టి లాగి చూస్తాడని ఇంతకుముందు టెస్టుకి వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పారు, అందుకని లోపల జిగురు పూసి రాత్రంతా క్లాంపులు వేసి ఉంచాను. బానెట్ క్లిప్పులు మాత్రం దేనికీ లొంగలేదు, పూర్తిగా తీసేసి లోపలి నుంచి తిప్పే తాళాలు పెట్టాను. రెండు వారాంతాలు పోయాయి దీనికే.

బుధవారం రాత్రి. 7 వారాలు.

స్పీడోమీటర్. మాజ్దా డాష్‌లోది పట్టలేదు, చిన్న విడి గేజ్ కొన్నాను, సెన్సార్ గేర్‌బాక్స్ దగ్గరే. నియమం ఏంటంటే అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించినా 10 శాతం, దాని మీద ఇంకో 6.25 మైళ్లు, అంతవరకే. అంటే నిజంగా 40లో వెళ్తుంటే గేజ్ 40కి తగ్గకూడదు, 50 దాటితే దాదాపు ఫెయిలే. రోడ్డెక్కి జీపీఎస్‌తో సరిచూద్దామంటే రోడ్డెక్కే హక్కే లేదు, కోడి ముందా గుడ్డు ముందా. అందుకని వెనక భాగం స్టాండ్ల మీద లేపి లెక్కతో చేశాను. టైరు 195/50 ఆర్15, కాగితం మీద చుట్టుకొలత 1.81 మీటర్లు, గంటకి 40 మైళ్లంటే చక్రం నిమిషానికి 593 సార్లు తిరగాలి. టైరుకి మెరిసే టేపు ముక్క అంటించి ట్యాకోతో (చుట్లు లెక్కపెట్టే మీటర్‌తో) చూస్తే ఎడమ చక్రం 560, కుడి చక్రం 626! ఒక్క క్షణం గుండె ఆగింది. తర్వాత వెలిగింది, ఓపెన్ డిఫ్ కదా, అంటే రెండు చక్రాలనీ వేరు వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్, కుడి వైపు బ్రేక్ ప్యాడ్ వదులుగా ఉంది కాబట్టి అది ఎక్కువ తిరుగుతోంది, రెండిటి సగటు సరిగ్గా 593. గేర్‌బాక్స్ దగ్గరున్న సెన్సార్‌కి తెలిసేది ఆ సగటే. పైగా నిజంగా రోడ్డు మీద బరువుకి టైరు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి చక్రం ఇంకొంచెం ఎక్కువ తిరుగుతుంది, గేజ్ కాస్త ఎక్కువే చూపిస్తుంది, అంటే తప్పు జరిగినా మనకి మంచి వైపే.

లైట్లు తొందరగా అయిపోయాయి. హెడ్‌లైట్ కింది అంచు నేల నుంచి 500 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, వెనక ఫాగ్ లైటుకీ బ్రేక్ లైటుకీ మధ్య 100 మిల్లీమీటర్లకి పైగా ఎడం ఉండాలి, ఫాగ్ ఒక్కటే పెడితే మధ్యలోనో కుడి పక్కనో ఉండాలి. కిట్‌తో వచ్చిన డ్రాయింగ్‌లో ఎడమ పక్కన చూపించారు. ఆ డ్రాయింగ్ వేరే దేశం వాళ్ల కోసం వేసిందట, అడిగితే తాపీగా చెప్పారు. రెండు కొత్త రంధ్రాలు, రెండు పాత రంధ్రాలకి బిళ్లలు.

ఆదివారం. 4 వారాలు.

ఇప్పుడు అసలు తలనొప్పి. స్టీరింగ్ తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడుపుతూ చెయ్యి వదిలితే చక్రం తనంతట తను నిటారు వైపు తిరిగి రావాలి. సెల్ఫ్ సెంటరింగ్ అంటారు. సెవెన్‌లు ఎక్కువగా ఫెయిలయ్యేది ఇక్కడే. మామూలు కారులో ముందు భాగం మీద బోలెడు బరువు ఉంటుంది, ఆ బరువే చక్రాలని వెనక్కి లాగుతుంది. నా కారు మొత్తం 600 కిలోలు, ముందు ఇరుసు మీద సగానికి తక్కువే. లాగడానికి బరువు లేదు.

తెలిసినాయన ఒకరి స్థలంలో, గేటు మూసి, ప్రయత్నించాను. ఎడమకి తిప్పి వదిలాను. కారు అలాగే గుండ్రంగా తిరుగుతూనే ఉంది, గానుగెద్దులా. చెయ్యి పెట్టేదాకా ఆగలేదు.

అందరూ చెప్పే మందు కేస్టర్ పెంచడం. పై బాల్ జాయింట్‌ని వెనక్కి జరిపితే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలుతుంది, సైకిల్ ముందు ఫోర్క్ వాలినట్టు, అప్పుడు టైరు నేలని తాకే చోటు ఆ ఇరుసు గీతకి వెనకబడి, చక్రం దాని వెంట ఈడ్చుకుని వస్తుంది. పై విష్‌బోన్ దగ్గర వాషర్ల చోటు మార్చి 4.5 డిగ్రీల నుంచి 7 డిగ్రీలకి తెచ్చాను. టైర్లలో గాలి 18 నుంచి 32 పీఎస్‌ఐకి పెంచాను, నేలతో రాపిడి తగ్గుతుందని. కాస్త వస్తోంది. ఒక పావు చుట్టు వచ్చి ఆగిపోతోంది. ఇన్‌స్పెక్టర్‌కి అది చాలుతుందేమో అనుకున్నాను. ఇలా అనుకున్నప్పుడే తెలియాలి నాకు, చాలదని.

టెస్టు రోజు.

ట్రైలర్ మీద తీసుకెళ్లాను. ముందే బుక్ చేసుకున్న టెస్టుకైతే నంబరు లేని కారుని నడుపుకుంటూ వెళ్లొచ్చు, ఛాసిస్ నంబరు మీద ఇన్సూరెన్స్ ఉండాలి, కానీ ఒక్కసారి కూడా రోడ్డెక్కని కారుని మొదటిసారి హైవే మీద పరీక్షించే ధైర్యం నాకు లేదు.

ఇన్‌స్పెక్టర్ పెద్దమనిషి, తక్కువ మాట్లాడతాడు. ముందు కాగితాలు చూశాడు. ఇంట్లో కట్టినదే అని రుజువుగా ఫోటోలు, రసీదులు, ఇంజిన్ వయసుకి పాత మాజ్దా వీ5సీ, అంటే దాని రిజిస్ట్రేషన్ కాగితం. ఇంజిన్ ఏ సంవత్సరానిదో తేలితేనే పొగ పరీక్షకి ఏ హద్దులు పెట్టాలో తేలుతుంది, అందుకే ఆ కాగితం చింపకూడదని మొదటి రోజు నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను.

పొగలో మొదటిసారి లాంబ్డా, అంటే గాలీ పెట్రోలూ కలిసిన పాళ్లు చెప్పే అంకె, 1.03 దాటింది. పొగని శుభ్రం చేసే క్యాటలిస్ట్ చల్లగా ఉంది. పది నిమిషాలు ఇంజిన్ గట్టిగా తిప్పించి మళ్లీ పెట్టాడు, 1.01. శబ్దం పరీక్షలో మైకుని సైలెన్సర్ నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెట్టి, గరిష్ఠ శక్తి వచ్చే వేగంలో ముప్పాతికకి ఇంజిన్‌ని తిప్పుతారు, నా ఇంజిన్‌కి అది నిమిషానికి 4875 చుట్లు. హద్దు 99 డెసిబెల్స్, నాది 97. బ్రేకులు రోలర్ల మీద, ఏమీ మాట్లాడలేదు, అంటే బాగున్నట్టే. బయటి అంచులన్నీ చేత్తో తడిమాడు, నిజంగానే ట్రిమ్ కింద గోరు పెట్టి లాగాడు, రాలేదు. నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

తర్వాత లోపల కూర్చున్నాడు. అక్కడ బంతి పెద్దది, 165 మిల్లీమీటర్లు, తల అంత. డాష్‌బోర్డు కింది అంచు దగ్గర పెట్టి "ఇక్కడ" అన్నాడు. పక్క సీటు వైపు రేకు మలుపు పదునుగానే ఉంది, నేను పై అంచు చూసుకుని కింది అంచు మర్చిపోయాను. వెనక నంబరు ప్లేటు లైటు బ్రాకెట్ దగ్గర ఇంకోసారి "ఇక్కడ". అది ముందురోజు రాత్రి పదకొండుకి బిగించింది. ఆ బ్రాకెట్ మీద బంతి దొర్లించలేదు. పాప నిద్రపోయింది మరి.

చివరికి ఆవరణలో స్టీరింగ్. ఆయనే నడిపాడు. చెయ్యి వదిలాడు. పావు చుట్టు వచ్చి ఆగింది. ఇంకోసారి. మళ్లీ పావు చుట్టే. దిగి వచ్చి, స్టీరింగ్ చక్రాన్ని రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి, "ఇంత బిగువెందుకుంది?" అని మాత్రం అన్నాడు. మూడు అంశాల మీద ఫెయిల్.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా కేస్టర్ ఇంకెంత పెంచాలా అని ఆలోచించాను. ఇంటికి చేరి టీ తాగుతుంటే గుర్తొచ్చింది, ఆయన కేస్టర్ మాటే ఎత్తలేదు, బిగువు అన్నాడు.

మర్నాడు.

ముందు చక్రాలు లేపి, విమానం ప్రయాణానికి సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు తీసుకుని స్టీరింగ్ చక్రం అంచుకి తగిలించి లాగాను. కదలడానికి 1.8 కిలోలు. గాల్లో ఉన్న చక్రాలకి ఇంత ఎందుకు కావాలి? చక్రాలని తిప్పే ర్యాక్ దగ్గర స్టీరింగ్ కాలమ్ విడదీసి మళ్లీ లాగాను, ఇంకా 1.3. అంటే ర్యాక్ తప్పు కాదు, బాల్ జాయింట్ల తప్పు కాదు, తప్పు కాలమ్‌లోనే ఉంది. టార్చ్ పెట్టి పెడళ్ల దగ్గర తలదూర్చి చూస్తే, కాలమ్ రేకు గోడని దాటే చోట నీళ్లు రాకుండా నేను పెట్టిన రబ్బరు గ్రొమెట్. రంధ్రం మధ్యలో లేదు, మూడు మిల్లీమీటర్లు పక్కకి ఉంది, రబ్బరు ఒకవైపు కాలమ్‌ని పిసికి పట్టుకుంది. కారు పాపం చక్రాలని తిప్పాలనే చూస్తోంది, నేను పెట్టిన రబ్బరు దాని గొంతు పట్టుకుని ఆపుతోంది.

రంధ్రం ఫైలుతో పెద్దది చేసి, గట్టి గ్రొమెట్ బదులు మెత్తటి గొట్టంలాంటి తొడుగు వేశాను. త్రాసు 0.6 కిలోలు చూపించింది. ఆ స్థలంలోకే వెళ్లి చూశాను, చెయ్యి వదలగానే స్టీరింగ్ చక్రం నా వేళ్ల మధ్య నుంచి జారుతూ తిరిగి దాదాపు నిటారుకి వచ్చేసింది. కేస్టర్ మీద, వాషర్ల మీద మూడు వారాలు తగలేశాను. కొలిచి ఉంటే ఒక సాయంత్రం.

డాష్ కింద గుండ్రటి రబ్బరు దిండు అంటించాను. బ్రాకెట్ విప్పి అంచులు ఫైలుతో గుండ్రం చేశాను. ఈసారి పాప మేలుకుని ఉండగానే.

రీటెస్ట్.

ఫెయిలైన మూడూ మాత్రమే చూశాడు. పావుగంట. సర్టిఫికెట్ చేతికిచ్చి "గ్రొమెటా?" అని అడిగాడు. అవునన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఎన్ని చూసుంటాడో.

ఆ తర్వాత, కాగితాలు.

ఇది చప్పటి భాగం కాబట్టి తొందరగా చెప్పేస్తాను. డీవీఎల్‌ఏ వాళ్లకి స్వాన్సీకి పంపాల్సినవి: నా విషయంలో వీ55/5 ఫారం, వీ627/1 అని కట్టిన బండి గురించి వివరాల నివేదిక, ఐవీఏ సర్టిఫికెట్, పాత మాజ్దా వీ5సీ, భాగాల రసీదులు, ఫోటోలు, గుర్తింపు కాగితాలు, ట్యాక్స్, 55 పౌండ్ల మొదటి రిజిస్ట్రేషన్ ఫీజు. ఎలాంటి నంబరు వస్తుందనేది ఏ భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందనే దాని మీద ఆధారపడుతుంది. ఛాసిస్ కొత్తది, దానిలో ఒకే పాత కారు నుంచి కనీసం రెండు ముఖ్య భాగాలు, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్, ఇరుసులు, సస్పెన్షన్, స్టీరింగ్ లాంటివి పెడితే ఆ పాత కారు వయసుకి తగ్గ నంబరు ఇస్తారు. నాలుగు కార్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి, ఏది ఏ కాలానిదో చూపించలేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు. క్యూ వస్తే పరువేమీ పోదు, కానీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఇంజిన్ ఒక మాజ్దా నుంచి, గేర్‌బాక్స్ ఇంకో మాజ్దా నుంచి చవగ్గా వస్తోందని రెండేళ్ల కిందట ఒకరు ఆశపెట్టారు, అప్పుడు వద్దన్నందుకు ఇవాళ నా వీపు నేనే తట్టుకున్నాను.

నా కట్ట ఒకసారి తిరిగొచ్చింది. ఛాసిస్ రసీదు అసలుది కాకుండా జెరాక్స్ పెట్టాను, పారేసుకుంటామేమోనన్న భయంతో. తప్పు నాదే. అసలుది పంపి, మళ్లీ ఎదురుచూపులు. ఆ రోజుల్లో పోస్టు పెట్టె ఎన్నిసార్లు తెరిచి చూశానో చెప్పను.

శుక్రవారం.

వచ్చింది. వి అక్షరంతో మొదలయ్యే నంబరు, 1999 సెప్టెంబర్ నుంచి 2000 ఫిబ్రవరి మధ్య రిజిస్టరైన బండ్లకి ఆ అక్షరం. ప్లేట్లు కొనడానికి కూడా కాగితాలు చూపించాలి, ఉత్తినే చేయరు. సాయంత్రం ప్లేటు బిగిస్తుంటే పాప బంతి తెచ్చి ఇచ్చింది. దొర్లించాను, మచ్చ పడలేదు.

ఆదివారం మా ఆవిడ ఎక్కింది. గేటు దాటాక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, ఎక్కడో గతుకు దగ్గర "ఇంత శబ్దమేంటండీ" అంది, 97 డెసిబెల్స్, హద్దు కంటే 2 తక్కువ అని చెప్పాను. పెట్రోలు పోయించుకుని, ఇరవై మైళ్లు తిరిగి వచ్చాం. స్పీడోమీటర్‌ని దారిలో ఆవిడ ఫోన్ జీపీఎస్‌తో సరిచూశాం, 40 దగ్గర గేజ్ 41 చూపిస్తోంది.

గరాజ్‌లో పెట్టి గంట తర్వాత చూస్తే గేర్‌బాక్స్ వెనక మూతి కింద నేల మీద నూనె, నాలుగు చుక్కలు. సీల్ పోయినట్టుంది. వచ్చే శనివారం ప్రాప్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే కడ్డీ) దింపి చూడాలి.